జొన్నపిండిలో పులి అడుగు

మొన్న నాందేడ్‌లో పుస్తక ప్రదర్శన పెడితే మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్ళాను. నిజం చెప్పాలంటే ఆమే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. ఈ మోకాళ్ళతో నేను ఎవరినీ ఎక్కడికీ వెంటబెట్టుకుపోయే స్థితిలో లేను. అది బల్లలన్నీ తిరిగి, మొయ్యలేక మోస్తూ ఒక బొమ్మల పుస్తకం ఎత్తుకొచ్చింది. లోకంలోని క్షీరదాలన్నీ అందులో ఉన్నాయట. తళతళలాడే కాగితం. ప్రతి జంతువు పక్కనా, దాని సైజు మనకు తెలియడం కోసం, ఒక మనిషి నీడబొమ్మ నిలబడి ఉంది. ఏనుగు పక్కన ఆ మనిషి మరీ పొట్టిగా ఉన్నాడు. చుంచెలుక పక్కన మనిషి పట్టడు కాబట్టి అరచెయ్యి ఒక్కటే వేశారు.

ఆ అరచెయ్యి చూసి నాకు నవ్వాగలేదు. ముసలమ్మ ఒంటరిగా నవ్వుతుంటే పుస్తకాలమ్మే అబ్బాయి కంగారుపడి కుర్చీ వేశాడు.

"ఏమైంది అమ్మమ్మా?" అంది మనవరాలు.

"ఏం లేదే. ఈ చెయ్యి మా పుస్తకంలో కూడా ఉండి ఉంటే మా బాపమ్మ, అదే మా నాయనమ్మ, అన్నం మానేసేది కాదు" అన్నాను. ఇంక అది వదులుతుందా? కుర్చీ ఎలాగూ ఉంది కాబట్టి కథంతా అక్కడే చెప్పాల్సి వచ్చింది.

మాది కుండల్‌వాడి, తెలంగాణకు ఆనుకుని మహారాష్ట్ర వైపున్న ఊరు. బజారులో మా తాతకు కిరాణా దుకాణం ఉండేది. ముందు దుకాణం, వెనక ఇల్లు, నడుమ గోనెపట్టా పరదా. పరదాకు అటువైపు ఇంగువ, బెల్లం, కిరసనాయిలు, ఎండుమిరపకాయలు కలిసిన వాసన. ఇటువైపు పోపు వాసన, పెనం మీద జొన్నరొట్టె పొంగే వాసన. దుకాణం ఎక్కడ ఆగి ఇల్లు ఎక్కడ మొదలవుతుందో కళ్ళు మూసుకున్నా ముక్కు చెప్పేది.

రద్దీ అంటే తెలుగు పత్రికల్లో జనం తోపులాట. మా వైపు రద్దీ అంటే పాత కాగితం. పొట్లాలు కట్టడానికి కట్టలు కట్టలుగా కొనేవాళ్ళం. దుకాణానికి రెండు రద్దీలూ కావాలి. మొదటిది లేకపోతే రెండోదానితో పనే లేదు. ఒక వానాకాలం అట్లా వచ్చిన కట్టలో ఆ పుస్తకం దొరికింది. మరాఠీ పుస్తకం. అట్ట మీద సింహం, దాని కింద లావుపాటి అక్షరాలతో 'సస్తన ప్రాణి' అని పేరు. పాలిచ్చి పిల్లలను పెంచే జంతువులన్నమాట. తాత చూసేలోగానే మా కాక, అంటే బాబాయి, ముందూ వెనకా ఆలోచించకుండా కొన్ని ఆకులు చింపి గిరాకీలకు పొట్లాలు కట్టేశాడు. ఎలుగుబంటి ఎవరింటికో శనగపప్పు మోసుకుపోయింది. గాడిద పసుపు మోసింది. దానికి మోత కొత్త కాదు కాబట్టి నేను పెద్దగా బాధపడలేదు.

"ఓరి నీ అక్కర పాడుగాను, బొమ్మలున్నయిరా దీంట్ల! పోరికియ్యి, సదువుకుంటది" అని తాత కాక చేతిలోంచి పుస్తకం లాక్కుని నాకిచ్చాడు.

తాతకు చదువు ఉర్దూలో వచ్చింది. నాకు మరాఠీలో రావాల్సి ఉంది. ఇద్దరం పోట్లాడుకునేది తెలుగులో. అందుకని మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక నేను బడి నుంచి వచ్చి మెట్టు మీద కూర్చుని చదివి చెప్పాలి, ఆయన తరాజు పక్కన ఒత్తిగిలి వినాలి. అడవి జంతువులన్నీ మా దుకాణానికి వచ్చినట్టే అడిగేవాడు.

"ఇయ్యాల ఎవలచ్చిండ్రే దుకనంలకు?"

"ఉడుత అచ్చింది తాతా."

"ఏం తింటదట?"

"పల్లీలు, గింజలు."

"మంచి గిరాకి. కూసోమను."

మర్నాడు ఏనుగు వచ్చేది. "గది అస్తె దుకనం దానికే అప్పజెప్పి మనం పోవాలె" అనేవాడు. ఇంకో రోజు తోడేలు వచ్చేది.

"ఏం తింటదట?"

"మాంసం తాతా."

"అయితె మన గిరాకి గాదు. పక్క గల్లీకి తోలు."

ఇది ఆయన చేసిన జంతువుల వర్గీకరణ: మన గిరాకీలు, కానివి. శాస్త్రజ్ఞులు పళ్ళు లెక్కపెట్టి చేసేదీ దాదాపు ఇదేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆయన మాటలో వేళాకోళం ఉన్నా మనిషి మాత్రం నిజంగానే అంత మెత్తన. బియ్యంలో పురుగు పడితే చంపనివ్వడు. చాప మీద ఎండలో పోయించి, అవి వాటంతట అవే నడిచిపోయేదాకా ఆగేవాడు. ఎలుకలను పెట్టెబోనులో పట్టి ఊరవతల వాగు దగ్గర వదిలి వచ్చేవాడు. ఎలుకలు ఆయనకంటే ముందే ఇల్లు చేరేవని కాక అనేవాడు. ఎవరో గుడ్లగంపతో ఎక్కారని బిలోలీ బస్సులోంచి దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చిన మనిషి. మా ఇంట్లోకి వచ్చిన ఒకే ఒక్క పులి పులిహోరలోది.

నేను చేసిన కోతిపని ఒకటుంది. ఏ జంతువు ఏ బంధువో పేజీ అంచున పెన్సిలుతో రాసిపెట్టాను. గురకపెట్టే కాకకు అడవిపందిని, తలనిండా పిన్నులు గుచ్చుకునే అత్తకు ముళ్ళపందిని ఇచ్చాను. నాకు జింకను ఉంచుకున్నాను. ఒకసారి అద్దంలో చూసుకున్నాక ఆ పేరు నేనే చెరిపేశాను.

పుస్తకానికి ఒక లోపం ఉండేది. ప్రతి జంతువుకూ ఒక పేజీ, పేజీ నిండా జంతువు. ఏనుగూ చుంచెలుకా ఒకే ఎత్తు. కింద మూలన దాని కాలి గుర్తు వేసేవారు. గుర్తులన్నీ రూపాయి బిళ్ళంతే. ఏది ఎంత పెద్దదో ఆ బొమ్మలు చూసి చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు. అప్పుడు నాకది లోపమని తెలియదు. అందరినీ సమానంగా చూసే మంచి పుస్తకం అనుకునేదాన్ని.

మరుసటి చలికాలం తాత పోయాడు. కొత్త గోధుమలు చేతిలో పోసుకుని చూస్తూ చూస్తూ వెనక్కి వాలిపోయాడట. నేను బడి నుంచి వచ్చేసరికి గోనె పరదా తీసేసి ఉంది. ఇల్లూ దుకాణమూ ఒకటే వాసన వేస్తున్నాయి, ఊదుబత్తి వాసన.

మా దగ్గర ఒక ఆచారం ఉండేది. పదో దినం పొద్దుగూకే వేళ, పోయినవాళ్ళను పడుకోబెట్టిన చోట పేడతో అలికి, జల్లించిన జొన్నపిండి పలచగా పరుస్తారు. దీపం పెట్టి తలుపు దగ్గరికేస్తారు. తెల్లారి చూస్తే పిండి మీద ఏదో ఒక గుర్తు కనిపిస్తుంది. గీత పడితే పాము, ఆకులా పడితే చెట్టు. ఆ గుర్తు దేనిదైతే పోయినవాళ్ళు ఆ పుట్టుక పుట్టారని లెక్క. మామూలుగా ఎవరో ఒక పెద్దమనిషి వంగి చూసి, ఇంటివాళ్ళ మనసుకు చల్లగా ఉండే మాట ఒకటి చెప్పి లేస్తాడు. మాకూ ఎవరైనా 'ఆవు' అని ఉంటే సరిపోయేది. కానీ మా ఇంట్లో పుస్తకం ఉంది. పుస్తకం ఉన్న ఇంట్లో ఏదీ అంత తొందరగా తేలదు.

ఆ తెల్లవారి తలుపు తీసేసరికి పిండి నడుమ ఒక్క అడుగు. నాలుగు గుండ్రటి వేళ్ళు, వెనక మెత్తటి పాదం.

"కుక్కదేమో" అన్నాడు మా బాపు, మా నాన్న.

"కుక్కెట్ల అస్తది? తలుపు కాడ నేనే పన్న గద" అన్నాడు కాక. "మన పోరిని బుక్కు తెమ్మను. గండ్ల అన్నిటి కాళ్ళున్నయి."

నేను పుస్తకం తెచ్చి పిండి పక్కన గొంతుక్కూర్చున్నాను. ఇంటిల్లిపాదీ నా నెత్తి మీద వంగారు. అంతమంది పెద్దలు నా మాట కోసం నోరు మూసుకుని నిలబడటం నా జన్మలో అదే మొదలు, అదే చివర. ఆ గౌరవానికి తగ్గట్టు నిదానంగా పేజీలు తిప్పాను. కుక్క కాలికి గోళ్ళ గుర్తులుంటాయి, ఇక్కడ లేవు. ముంగిసకూ గోళ్ళే. తోడేలుకూ గోళ్ళే. చివరికి ఒక పేజీ దగ్గర ఆగాను. నాలుగు గుండ్రటి వేళ్ళు, గోళ్ళు లేవు, కొలత సైతం అచ్చంగా అంతే.

"పులి" అన్నాను.

"సరింగ చూసినవానే?" అన్నాడు బాపు.

"సైజు సుత సరిపోయింది బాపూ!"

అత్త ముక్కు మీద వేలేసుకుంది. ఆమెను ఇస్లాపూర్‌లో ఇచ్చారు. చుట్టూ అడవి, పులుల విషయంలో ఆమె మాటకు విలువుంది. "మా దిక్కు పులి అడుగు పళ్ళెమంత ఉంటది. గిది గింతే ఉన్నదేంది?"

"అక్కా, ఇప్పుడే పుట్టిండు గద!" అన్నాడు కాక. "పిల్లపులి. పిల్లపులికి పళ్ళెమంత కాలు యాడికెల్లి అస్తది?"

అందరికీ సబబుగానే తోచింది. అప్పుడే పుట్టిన పిల్ల ఇస్లాపూర్ అడవి నుంచి కుండల్‌వాడి దాకా ఎట్లా నడిచొచ్చిందని ఎవరూ అడగలేదు. దుకాణం మీద అంత ప్రేమ అనుకుని ఉంటారు.

పొద్దెక్కేసరికి కాక బజారంతా చెప్పొచ్చాడు. పోస్టుమన్ సైకిల్ ఆపి, "కాయ్ సాంగ్తా! శేట్ వాఘ్ ఝాలే?" అని, సేట్ పులయ్యాడా అన్నట్టు నోరు తెరిచాడు. ఎదురుగా గాజులమ్మే పెద్దాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని, "సేట్ సాబ్ షేర్ బన్ గయే బోల్కే సునా. మాషా అల్లా!" అన్నాడు. సేట్‌కూ, పులి అనే షేర్‌కూ మధ్య పలకడంలో కాస్తే తేడా. ఆ కాస్త తేడా మా ఇంటి పరువును ఆకాశానికెత్తింది. కాక ఆ పూట మీసం దువ్వుకున్నాడు.

బాపమ్మ మాత్రం గోడకానుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. "పులా?" అంది ఒక్కసారి. అంతే. మధ్యాహ్నం విస్తరి వేస్తే లేవలేదు.

ఆమె సంగతి చెప్పాలి. పెళ్ళయిన నాటి నుంచి తాత తినకముందు ఆమె తిన్న పూట లేదు. ఆయన సరుకు కోసం నాందేడ్ పోయి మాపటి బస్సు తప్పిపోతే, గిన్నె మీద మూత కూడా తియ్యకుండా పడుకునేది. ఆయన పోయాక ఆ పది దినాలూ కాకికి ముద్ద పెట్టి, కాకి ముట్టాకే తాను తిన్నది. ఆయన తిన్నట్టే లెక్క. ఇప్పుడు ఆయన కాకి కాదు, పులి. పులికి ఏ ముద్ద పెట్టాలి?

"జర్రంత తినమ్మా" అన్నాడు బాపు.

"ఆయన తిన్నడారా?" అంది బాపమ్మ. "గుడ్డు వాసనకే కడుపుల దేవిన మనిషి. దుప్పిని పట్టి కొరుకుమంటె కొరుకుతడా? ఏ చెట్టు కిందనో కూసోని ఏడుస్తుంటడు."

"పులి పుట్టుక పుట్టినంక పులి బుద్ధే అస్తదమ్మా" అన్నాడు కాక.

"నువ్వు నాకు పుట్టినవ్. నీకు నా బుద్ధి అచ్చిందా?"

కాక పరదా లేని గుమ్మంలోంచి దుకాణంలోకి వెళ్ళిపోయాడు.

కర్మ చేయించిన అయ్యగారిని పిలిపించారు. "పులి అంటే అమ్మవారి వాహనం తల్లీ. ఎంత పుణ్యం చేసుకుంటే ఆ జన్మ దొరుకుతుంది!" అన్నాడాయన.

"అమ్మవారిని మోసినంక ఇంకింత ఆకలైతది గదా అయ్యా!" అంది బాపమ్మ.

ఆయన సంభావన పుచ్చుకోకుండానే లేచాడు. మర్నాడూ ఆమె ఏమీ ముట్టలేదు. మంచినీళ్ళు తప్ప ఏమిచ్చినా చేత్తో పక్కకు జరిపింది. మూడో పొద్దుకు పెదవులు పగిలాయి. అమ్మ వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దుకాణం తెరవలేదు. ఒకరి దినాలు కాకముందే ఇంకొకరివి వస్తాయేమోనని అందరికీ భయం పట్టుకుంది. పైకి మాత్రం ఎవరూ అనలేదు.

బాపు నన్ను పక్కకు పిలిచాడు. కోపమేమీ లేదు; కోపం ఉండి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. "బిడ్డా, ఇంకోపారి చూడు. ఇంకేదన్న దొరుకుతదేమో" అన్నాడు.

దండెం కింద కూర్చుని మొదటి నుంచీ వెతికాను. పులి పేజీ ముందు, కుట్టు దారానికి అంటుకుని చినిగిన కాగితం అంచు కనిపించింది. విషయసూచిక తీసి చూశాను. ఆ పోయిన పేజీ అంకె ఎదురుగా పెంపుడు పిల్లి అని ఉంది. పిల్లి ఆకు ఎప్పుడో పొట్లమై వెళ్ళిపోయింది! పిల్లి లేని పుస్తకంలో పిల్లి అడుగు వెతికితే పులి కాక ఇంకేం దొరుకుతుంది? అచ్చుతప్పులున్న పుస్తకాలు చాలానే చూశాను కానీ, పిండిలో పడ్డ అచ్చును తప్పు చేసిన పుస్తకం అదొక్కటే.

కాక తల గోక్కుని, "ఆ ఆకుల సాబుదాన గట్టిన యాదికొస్తుంది" అన్నాడు, సగ్గుబియ్యమన్నమాట. అత్త స్టూలెక్కి చూస్తే, పైన తలుపు లేని గూటికిటికీ అంచున జొన్నపిండి అంటి ఉంది. ఇంక అనుమానమేముంది? అందరం ఊపిరి పీల్చుకున్నాం. బాపు ఆమె ముందు కూర్చున్నాడు.

"అమ్మా, పులి గాదట. పిల్లట."

"ఏదీ, చూపెట్టు."

"గా కాయితం చినిగిపోయింది."

బాపమ్మ నవ్వినంత పని చేసింది. "నాకు తెల్వదారా? నేను తినాలని పులిని పిల్లిని జేస్తున్నరు. రేపు తినకుంటె పిల్లిని ఎలుకను జేస్తరు. లేని కాయితం నమ్మి అన్నం తినమంటరా?"

నిజం దొరికినా పనికిరాలేదు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే లేచిపోయారు. నాకు ఏం చెయ్యాలో తోచక, ఆమె పక్కన కూర్చుని పుస్తకం తెరిచాను. మొదటి పేజీ వచ్చింది. దాని మీద బొమ్మ లేదు, ఒట్టి అక్షరాలే. బొమ్మ లేదని తాతా నేనూ ఎప్పుడూ దాన్ని దాటేసేవాళ్ళం. ఊరికే ఉండలేక పైకి చదివి, తెలుగులో చెప్పాను.

"గీ పుస్తకంల ఉన్న జీవాలన్ని పుట్టంగనే తల్లి పాలు తాగి పెరుగుతయట బాపమ్మా."

ఆమె కళ్ళు తెరిచింది. "అన్నియా?"

"అన్ని."

"పులి సుతనా?"

పులి పేజీ తీశాను. "పులి సుత. చిన్నగున్నప్పుడు ఒట్టి పాలే. మాంసం ముట్టనే ముట్టదట."

"ఎవల పాలు?"

"తల్లియి."

ఆమె పులి బొమ్మ మీద చెయ్యి వేసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "తల్లుంటదా?"

"ఉండకుంటె ఎట్ల? పక్కల పండుకోబెట్టుకుంటదట. ఒళ్ళంత నాలికతోని నాకుతదట."

"మీ తాతకు తల్లి లేకుండె బిడ్డా" అంది బాపమ్మ. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. "పురుట్లనే పోయింది. మేకపాలల్ల దూది ముంచి నోట్లె పిండి సాదిండ్రట. పెండ్లైన కొత్తల నన్ను అడిగిండు, తల్లి పాలు ఎట్లుంటయో నీకు యాదికున్నదా అని. ఎవలికి యాదుంటది చెప్పు? ఉన్నదని చెప్పినా బాధే, లేదని చెప్పినా బాధే. ఊకున్న."

నేను పుస్తకం మూయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎన్నొద్దులు తాగుతదట?"

"కొన్ని నెల్లు."

"అటెన్క?"

నేను కింది వరస చదివాను. "అటెన్క ఎట్ల బతకాల్నో తల్లే నేర్పుతదట."

"తల్లి నేర్పితె నేర్సుకుంటడు" అంది. "నేను చెప్తెనే ఇనకపోతుండె గని." కొంగుతో మొహం తుడుచుకుని, కాళ్ళు చాపుకుంది. "ఇగ తాగి పండుకుని ఉంటడు. మీ అమ్మను రొట్టె తెమ్మను."

నేను అరిచిన అరుపుకు అమ్మ పళ్ళెంతో సహా పరుగెత్తుకొచ్చింది. బాపు గుమ్మంలోనే నిలబడ్డాడు, దగ్గరికొస్తే ఎక్కడ మానేస్తుందోనని. బాపమ్మ రొట్టె తుంచి పప్పులో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. మొహం చిట్లించింది.

"ఉప్పేదే దీంట్ల? సావింట్ల ఉప్పు సుత సచ్చిందా?"

మా ఇంట్లో ఒక తిట్టుకు అంతమంది సంతోషపడటం నేను మళ్ళీ చూడలేదు. అమ్మ నవ్వుతూ ఏడుస్తూ ఉప్పుడబ్బా కోసం పరుగెత్తింది. బాపు బావి దగ్గరికి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. కాక దుకాణం తలుపులు తెరిచాడు. ఆ చప్పుడుకు వీధిలో మేకలు బెదిరాయి.

ఇప్పుడు అక్కడ పొట్లాలు కట్టేవాళ్ళు లేరు, ప్లాస్టిక్ సంచులే. పిండి చల్లేవాళ్ళూ తగ్గారు. నున్నటి టైల్స్ మీద ఎవరి అడుగూ నిలవదు. బాపమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. పప్పులో ఉప్పు గురించి ఎన్నిసార్లు గొడవపెట్టుకుందో లెక్కలేదు. ఆ పిండిలో నడిచింది పిల్లేనని ఆమెకూ లోపల తెలుసేమో. నేను అడగలేదు, అడగాలని కూడా అనిపించలేదు.

పళ్ళెం ముందు కూర్చున్నాక మాత్రం ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగేది. పెదవులు కదిలేవి. నేను పక్కనే కూర్చుని తినేదాన్ని కాబట్టి నాకు వినిపించేది. "తాగిండు" అనుకుని, ముద్ద కలుపుకునేది.